వాలుగ దవడ, వెనుక రాట్నం

ఈ ఆదివారం ఉదయం విజయనగరంలో ప్యాసింజరు ఎక్కి, నెల్లిమర్ల, చీపురుపల్లి దాటి పొందూరు స్టేషనులో దిగాను. సన్నఖద్దరుకు నూలు వడికే ఒక మామ్మగారి చేతులను ఫొటో తీయాలని నెల రోజులుగా అనుకుంటున్నాను. సంచిలో నా పాత డిజిటల్ కెమెరా, దాని ముందు మరలో బిగించుకునే ప్లస్ 2 క్లోజప్ లెన్సు, అంతే.

మామ్మగారు అరుగు మీద కూర్చుని గింజ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతున్నారు. అరచేతిలో ఇమిడే ఆ ఎముకకు సూదుల్లాంటి సన్నని పళ్లు దట్టంగా ఉన్నాయి. వాటి మీదుగా పత్తిని లాగిన ప్రతిసారీ నలకలు పళ్లకు చిక్కుకుని, పోగులు ఒకే దిక్కుకు వాలి మెరుస్తున్నాయి. పక్కన ఎండిన అరటి డొప్పలో ఏకులు. ఆవిడ వెనుక రాట్నం, ఆ వెనుక సైకిలు, దండెం మీద తువ్వాళ్లు, నీలం బకెట్టు.

జూమ్ చేయకుండా తీసిన మొదటి ఫొటోలో దవడ ఎంత స్పష్టంగా ఉందో బకెట్టూ అంతే స్పష్టంగా పడింది. అపర్చర్‌ను, అంటే లెన్సులో వెలుతురు దూరే కంటిని, పూర్తిగా, 2.8కి తెరిచాను కదా, వెనుకవి మసకబారాలి అనుకోవచ్చు. కానీ ఆ సంఖ్య, లెన్సు నాభ్యంతరాన్ని (దూరపు వస్తువు బొమ్మ లెన్సుకు ఎంత వెనుక స్పష్టంగా పడుతుందో ఆ దూరాన్ని) అది తెరుచుకున్న కంటి వ్యాసంతో భాగిస్తే వచ్చేది. నా కెమెరాలో బొమ్మ పడే పలక, సెన్సారు, చాలా చిన్నది గనుక వెడల్పు దృశ్యానికి నాభ్యంతరం 6 మిల్లీమీటర్లే. అంటే ఆ కన్ను 2 మిల్లీమీటర్లు, నువ్వుగింజంత. నువ్వుగింజంత కంటితో వెనుక దృశ్యం మసకబారదు. అదే జూమ్ చివర, 72 మిల్లీమీటర్ల దగ్గర, 2.8 అలాగే ఉన్నా కన్ను దాదాపు 26 మిల్లీమీటర్లకు, రెండు రూపాయల బిళ్లంతకు పెరుగుతుంది. మసకను తెచ్చేది ఆ బిళ్ల.

చిక్కేమిటంటే, పూర్తి జూమ్‌లో నా కెమెరాకు రెండు మీటర్ల లోపు ఫోకస్ కుదరదు. క్లోజప్ లెన్సు అవసరమయ్యేది ఇక్కడే. చదువుకునే కళ్లద్దంలా అది కుంభాకార కటకం. కెమెరా ఫోకస్‌ను అనంతం మీద ఉంచినా, ప్లస్ 2 బిగిస్తే సరిగ్గా 50 సెంటీమీటర్ల దూరంలోని వస్తువు స్పష్టమవుతుంది. పైగా వెలుతురు తగ్గదు. ఫ్రేము నిండా నాలుగు సెంటీమీటర్ల దవడ పళ్లు వచ్చాయి; సైకిలు, బకెట్టు, తువ్వాళ్లు అన్నీ కరిగి ఒకే లేత రంగుగా మిగిలాయి. ఎంతో సంతోషించాను.

స్క్రీన్ మీద చూపిస్తే మామ్మగారు చాలాసేపు చూసి, "నా రాట్నం అగుపడ్డం నేదేటి బాబూ?" అన్నారు.

మళ్లీ చూశాను. రాట్నమే కాదు, దవడ కూడా పూర్తిగా లేదు. అంత దగ్గర్లో, అంత తెరిచిన కంటితో స్పష్టత ఒకటిన్నర మిల్లీమీటరు మందానికి మించదు. నాలుగైదు పళ్లు నిలిచాయి, వాటికి చిక్కిన పత్తి పొగమంచు అయిపోయింది. కన్నును చిన్నది చేసి అపర్చర్ సంఖ్యను 8కి తెస్తే ఆ మందం సుమారు మూడింతలవుతుంది గానీ, వెలుతురు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మోచేతులు రెండూ అరుగుకు ఆనించి, ఊపిరి బిగబట్టి, ఆవిడ చేయి ఆగిన క్షణంలో నొక్కాను. ఈసారి పళ్లూ, వాటి మధ్య పత్తి పోగులూ విడివిడిగా పడ్డాయి. ఈరోజు తీసినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

రాట్నం మాత్రం ఇందులోనూ కరిగే ఉంది. దానికోసం క్లోజప్ లెన్సు విప్పేసి, రెండున్నర మీటర్లు వెనక్కి జరిగి, సగం జూమ్‌లో, అపర్చర్‌ను తిరిగి 2.8కి తెరిచి తీశాను. కన్ను 13 మిల్లీమీటర్లు. చేతులూ దవడా స్పష్టంగా, మీటరు వెనకనున్న రాట్నం మెత్తగా, అయినా రాట్నంలాగే వచ్చింది. సైకిలు చక్రం మూలగా కనిపిస్తోంది; దాన్ని పక్కకు జరిపించి ఉంటే బాగుండేది.

మామ్మగారు పత్తి అంటిన వేలిని స్క్రీన్ మీద రాట్నం చక్రం చుట్టూ తిప్పి, "ఇప్పుడు ఆకులు నెక్కెట్టొచ్చు" అన్నారు. రేపు రెండూ ప్రింటు వేయించి, వచ్చే ఆదివారం అదే ప్యాసింజరులో తీసుకువెళ్లి ఇస్తాను.