చెబితే పట్టని విద్య

తమ్ముడి పెళ్ళికి మూడు వారాలు ఇండియా వెళ్ళొచ్చాక ఆఫీసులో మొదటి సోమవారం. స్వీట్ల డబ్బా ప్యాంట్రీలో పెట్టి సీటుకు వచ్చానో లేదో మేనేజర్ గదిలోకి పిలిచింది. నేను లేనప్పుడు ఒక రాత్రి బిల్లింగ్ జాబ్, అంటే బిల్లులు లెక్కగట్టే ప్రోగ్రాం, మధ్యలో ఆగిపోయిందట. అలాంటివి చూసుకోడానికి ఆ రాత్రి ఆన్-కాల్‌లో ఉన్న అమ్మాయి టీమ్‌లో చేరి ఏడాది కూడా కాలేదు. రాత్రి రెండింటి నుంచి పొద్దున ఏడింటి దాకా ఒక్కతే దానితో కుస్తీ పట్టింది. "ఆ జాబ్ సంగతి నీ ఒక్కడికే తెలుసు. నువ్వు లేకపోతే ఆగిపోయేలా ఉన్నదాన్ని నేను మంచి పని అనను" అంది మేనేజర్. గొంతు పెంచలేదు. నాలుగు కేకలు వేసినా ఇంత గుచ్చుకునేది కాదు.

ఎందుకంటే ఆరేళ్ళుగా నేను లోపల్లోపల గర్వపడుతున్నది సరిగ్గా దానికే. నెలాఖరున బయటి కంపెనీ నుంచి వచ్చే ఫైలులో ఒక్కోసారి చివర ఒక ఖాళీ లైను ఉంటుంది. మా ప్రోగ్రాం దాన్ని కూడా రికార్డు కింద లెక్కేసి, విడిగా వచ్చే మొత్తంతో సరిపోలక ఆగిపోతుంది. ఆ లైను తీసేసి నాలుగో స్టెప్ నుంచి రీస్టార్ట్ చేస్తే ఐదు నిమిషాల పని. ఎర్రర్ మెసేజ్‌లో మాత్రం ఖాళీ లైను ఊసే ఉండదు. ఆ ఐదు నిమిషాలు తెలియకే ఆ అమ్మాయి ఐదు గంటలు కూర్చుంది.

ఆ సాయంత్రం నా కారు సర్వీసింగ్‌లో ఉంది. క్లీవ్‌ల్యాండ్ నుంచి ఏక్రన్ దాకా మా టీమ్‌లో పెద్దాయన తన కారులో దింపాడు. ఆయనది ఏక్రనే. బాస్కెట్‌బాల్ మేటి లెబ్రాన్ జేమ్స్ అక్కడి సెయింట్ విన్సెంట్ సెయింట్ మేరీ స్కూలు జట్టులో ఆడుతున్నప్పుడే టికెట్ కొనుక్కుని చూసినవాడు. 77వ నంబర్ హైవే ఎక్కగానే ఒక పాడ్‌కాస్ట్ పెట్టాడు. పేరు మైండ్ ద గేమ్. 2024 మార్చిలో మొదలైంది. లెబ్రాన్, పదిహేను సీజన్లు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడి రిటైరైన జేజే రెడిక్, వైన్ గ్లాసులు ముందు పెట్టుకుని కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. వీళ్ళిద్దరిలో లెబ్రాన్ అప్పటికి ఇంకా ఆడుతూనే ఉన్నాడు. సీజన్ మధ్యలోనే ఎపిసోడ్లు వచ్చేవి.

ఏ క్రీడాకారుడైనా మైకు ముందు చెప్పేవి నాకు కంఠతా వచ్చు: జట్టంతా బాగా ఆడింది, దేవుడి దయ. వీళ్ళు అలా కాదు. పిక్ అండ్ రోల్ అని ఒకటుంది. బంతి ఉన్నవాడిని కాపలా కాసేవాడికి మనవాడొకడు గోడలా అడ్డం నిలబడతాడు, వెంటనే తిరిగి బుట్ట వైపు పరుగెత్తుతాడు. అవతలి ఇద్దరూ రెప్పపాటులో ఎవరెవర్ని పట్టుకోవాలో తేల్చుకోవాలి. వాళ్ళ సాయానికి మూడోవాడు వచ్చాడా, మూలన మనవాడొకడు ఖాళీగా మిగులుతాడు. మూలన మూడు పాయింట్ల గీత బుట్టకు 22 అడుగుల దూరమే, మిగతాచోట 23 అడుగుల 9 అంగుళాలు. కాబట్టి ఆ మూడోవాడు ఎటు నుంచి కదులుతాడో ముందే కనిపెట్టినవాడిదే ఆట. ఇలాంటి సంగతులే వీళ్ళు దారాలు విడదీసినట్టు విప్పి చెబుతుంటే నేను ఉండబట్టలేక అడిగేశాను: "రేపు ఎదురుగా ఆడాల్సినవాళ్ళు కూడా వింటారు కదా?"

"విననీ. ప్రతి మ్యాచ్ వీడియో వాళ్ళ దగ్గర ఎలాగూ ఉంది. తెలిసినంత మాత్రాన ఆపగలరా?" అన్నాడు పెద్దాయన.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జెట్‌లాగ్ వల్ల అనుకున్నాను, కాదు.

మా ఊళ్ళో పచ్చకామెర్లకు పసరు పోసే ఆయన ఏ ఆకుదో సొంత కొడుక్కి కూడా చెప్పలేదు. చెబితే మందు పట్టదనేవాడు. మేమంతా నమ్మాం. అదేమీ స్వార్థం కాదు, మా దృష్టిలో అదొక నియమం. దాని మీద ఉద్యోగంలో నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. కేటీ. ఐటీలో ఉన్నవాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు; నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, తెలిసిన పని ఇంకొకరికి నేర్పి అప్పగించడం. నా మొదటి కంపెనీలో మా సీనియర్ నాలుగు వారాలు కూర్చుని, తెలిసిందంతా స్క్రీన్ రికార్డింగ్ చేసి మరీ కొత్తవాళ్ళకు అప్పగించాడు. ఐదో వారం ఆయన్ని ఉద్యోగంలోంచి రిలీజ్ చేశారు. సంచీలో టిఫిన్ డబ్బా, దేవుడి ఫొటో పెట్టుకుని లిఫ్ట్ ఎక్కిన ఆ మనిషి నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాడు.

ఇక్కడ హెచ్-1బీ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఇంకొకరు పిటిషన్ వేయకపోతే ఇల్లు, పిల్లల స్కూలు, అన్నీ సర్దుకుని బయల్దేరాలి. మేనేజర్‌కు ఇవేవీ చెప్పలేదు నేను. చెప్పినా సాకులా ఉంటుంది. కానీ సాకు కాదు. లెబ్రాన్ 2023 ఫిబ్రవరి 7న కరీం అబ్దుల్ జబ్బార్ పేరిట ఉన్న 38,387 పాయింట్ల ఎన్‌బీఏ రికార్డు దాటినవాడు. ఆట గుట్టంతా విప్పి చెప్పినా ఆయన జీతం ఒక్క డాలరు తగ్గదు, కాంట్రాక్టు గ్యారంటీ. ఆయన ధైర్యం వెనక అది కూడా ఉంది. ఆ తేడా చూడకుండా నన్ను దాచుకునేవాడంటే మాత్రం ఒప్పుకోలేను.

అలా నాకు నేను వాదించుకుంటూనే తర్వాతి వారాల్లో పాత ఎపిసోడ్లన్నీ వినేశాను. ఇతరులవీ విన్నాను. వారియర్స్ జట్టు ఆటగాడు డ్రేమండ్ గ్రీన్ 2022 ఎన్‌బీఏ ఫైనల్స్ బోస్టన్‌తో నడుస్తుండగానే మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య తన పాడ్‌కాస్ట్ చేశాడు. ముందు ఆట మీద ధ్యాస పెట్టమని చాలామంది తిట్టారు. నేనున్నా తిట్టేవాణ్ణే. వారియర్స్ ఆరో మ్యాచ్‌లో కప్పు కొట్టేసింది.

కానీ నన్ను వదలనిది రెడిక్ సంగతి. పాడ్‌కాస్ట్ మొదలైన మూడు నెలలకే, 2024 జూన్‌లో, ఎన్‌బీఏలో ఎక్కడా కోచ్‌గా చేయని అతన్ని లాస్ ఏంజెలెస్ జట్టు లేకర్స్ హెడ్ కోచ్‌గా తీసుకుంది. ఎదురుగా కూర్చున్న లెబ్రాన్ జట్టుకే. పాడ్‌కాస్ట్ వల్లే ఉద్యోగం వచ్చిందని నేననను. అయితే తెలిసిందంతా నలుగురి ముందు పోసేసిన మనిషికి ఏమీ మిగలకుండా పోలేదు. మా సీనియర్‌కు జరిగినది అతనికి జరగలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని ఎన్నిసార్లు చూశానో. పాడ్‌కాస్ట్‌లో రెడిక్ ఖాళీ చేసిన కుర్చీలోకి తర్వాత స్టీవ్ నాష్ వచ్చాడు, రెండుసార్లు ఎంవీపీ, అంటే లీగ్‌లో సీజన్ మేటి ఆటగాడు, అయినవాడు. మాటలు మళ్ళీ మొదలయ్యాయి.

మొన్న శుక్రవారం ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీ లైను సంగతి చూపించాను. ఐదు గంటలు కూర్చోబెట్టినందుకు క్షమించమన్నాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు, స్క్రీన్ మీదకు వంగి, "అసలు ఆ లైను ఎందుకు వస్తోంది?" అంది.

ఆరేళ్ళలో నేను ఆ ప్రశ్న వేసుకోలేదు. తీసేయడం తెలుసు, అంతే. ఇద్దరం కలిసి ఆ కంపెనీకి మెయిల్ రాశాం, ఆమె పేరుతోనే పంపమన్నాను.

నాకు మాత్రమే తెలిసినవి ఇంకా రెండున్నాయి. ఒకటి నిన్న రాత్రి రాయడం మొదలుపెట్టాను. రెండోదాని జోలికి ఇంకా వెళ్ళలేదు.