నల్లరేగడి మీద నంబర్ నైన్: బెజవాడ నుంచి గుంటూరు దాకా

మార్చి నెల సగం దాటింది. ఒంటిపూట బడులు మొదలయ్యాక బెజవాడలో సాయంత్రాలన్నీ పిల్లలవే. శనివారం నాలుగున్నరకి బందరు రోడ్డులో ఇందిరాగాంధీ స్టేడియం దగ్గర ఆటో దిగేసరికి ఎండ ఇంకా మాడు మీదే ఉంది. నాతో వచ్చిన కోచ్ మాస్టారు ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్న మనిషి. బెజవాడ, గుంటూరుల్లో ఫార్వర్డ్, అంటే గోల్ కొట్టే స్థానంలో, ఆడే పిల్లలు ఎట్టా తయారవుతున్నారో, ఎక్కడ ఆగిపోతున్నారో ఓ శనాదివారాలు తిరిగి చూద్దామని బయల్దేరాం.

అక్కడికి నడిచే దూరంలో ఒక స్కూలు మైదానం. పద్నాలుగు మంది పిల్లలు పెనాల్టీ ఏరియా బయట వరసలో నిలబడ్డారు. ఉన్నవి మూడు బంతులు. ఒక్కొక్కడూ వచ్చి, బంతిని నేల మీద ఆపి, నాలుగడుగులు వెనక్కి వేసి, పరిగెత్తుకొచ్చి బలం కొద్దీ కొడుతున్నాడు. సగం బంతులు బారు మీదుగా గోడ అవతలికి పోతున్నాయి. వాటిని తెచ్చేదాకా మిగతావాళ్లంతా కబుర్లే. మాస్టారు చూసి, "ఇది ఫినిషింగ్ కాదండీ, రాళ్లు రువ్వడం" అన్నారు.

అన్నది నిజమే. మ్యాచ్‌లో ఫార్వర్డ్‌కి ఆగిన బంతి దొరికేది పెనాల్టీకో ఫ్రీకిక్‌కో. మిగతాదంతా కదిలే బంతే, పక్కన ఒకడు భుజం ఆనించి నెడుతుండగా, ఒకటి రెండు టచ్‌లలో తేల్చాల్సింది. పైగా అంత దూరం నుంచి కొడితే లెక్క కూడా కలిసిరాదు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. పెనాల్టీ స్పాట్ అంటే 11 మీటర్లు. అక్కడ నిలబడితే రెండు పోస్టుల మధ్య దాదాపు 37 డిగ్రీల కోణం కనిపిస్తుంది. నేరుగా వెనక్కి, గోల్‌కి 22 మీటర్ల దూరానికి వస్తే అది 19కి పడిపోతుంది. 11 మీటర్ల దగ్గరే ఉండి పక్కకి 10 మీటర్లు జరిగినా 21 డిగ్రీలే. అంటే పక్కకి జరిగినందుకు కట్టే మూల్యం, వెనక్కి వెళ్లినందుకు కట్టేదానికి ఇంచుమించు సమానం. గోల్స్‌లో పెద్ద వాటా పెనాల్టీ ఏరియా లోపల, నడిమధ్య నుంచే ఎందుకు పడతాయో ఈ మూడు అంకెలు చాలు. కాబట్టి ఫార్వర్డ్ నేర్చుకోవాల్సింది గట్టిగా కొట్టడం కాదు, ఆ మధ్య జాగాలోకి సరైన క్షణాన చేరడం.

మాస్టారు అక్కడి పీఈటీ గారి అనుమతి తీసుకుని, వరసను విడగొట్టారు. కుడి వింగ్‌లో ఒకడు, ఎడమ వింగ్‌లో ఒకడు, లోపల ఇద్దరు ఫార్వర్డ్‌లు, వాళ్లని కాపలా కాసే డిఫెండర్ ఒక స్టాపర్, గోల్ కీపర్. వింగ్ నుంచి క్రాస్, అంటే పక్క నుంచి గోల్ ముందుకి కొట్టే బంతి, వస్తుంది. ఒక ఫార్వర్డ్ దగ్గరి పోస్టుకి, రెండోవాడు వెనక పోస్టుకి పోవాలి. మనిషికి ఎనిమిది ప్రయత్నాలు, తొంభై సెకన్ల విశ్రాంతి, మళ్లీ ఎనిమిది. మొత్తం నలభై షాట్లు దాటకూడదు. రెండు వందలు కొట్టించేవాళ్లున్నారు. అరవై దాటాక కాలు అలిసి, నడుము వెనక్కి వాలి, బంతి గాల్లోకే లేస్తుంది. తప్పు అలవాటు అట్టా గట్టిపడుతుంది. గజ్జల్లో నొప్పి అదనం.

మొదటి పదిహేను క్రాసులకి ఒక్క గోల్ లేదు. కారణం ఒకటే. ఇద్దరూ బంతిని చూస్తూ ముందే లోపలికి పరిగెత్తి, గోల్ ముందు నిలబడి ఎదురు చూస్తున్నారు. నిలబడ్డవాణ్ణి కాపలా కాయడం స్టాపర్‌కి చాలా తేలిక. మాస్టారు చెప్పిన మందు ఇది: స్టాపర్ చూపు బంతి మీద ఉంటుంది కనుక, వాడి వెనక భుజం వైపు ఉండు. వింగర్ తల దించాడంటే కొట్టబోతున్నాడని గుర్తు. అప్పటిదాకా నడువు. తల దించగానే వెనక పోస్టు వైపు రెండడుగులు వేసి, స్టాపర్ బరువు అటు మొగ్గగానే కోసి దగ్గరి పోస్టుకి దూకు. ఆఫ్‌సైడ్ గీత (అవతలి జట్టులో వెనక నుంచి రెండో ఆటగాడి వరస) దగ్గరయినా ఇదే సూత్రం; గోల్ వైపు నిటారుగా పరిగెత్తితే గీత దాటేస్తావు, గీత వెంబడే వంపుగా పరిగెత్తి పాస్ కాలు వదిలాక తిరిగితే దాటవు. త్రో ఇన్, గోల్ కిక్, కార్నర్‌ల నుంచి నేరుగా వచ్చే బంతికి ఆఫ్‌సైడ్ లేదన్న సంగతి ఆ పద్నాలుగు మందిలో ఐదుగురికే తెలుసు. త్రో ఇన్ పడిన ప్రతిసారీ మిగతావాళ్లు ఊరికే వెనక్కి వస్తున్నారు. ఎంత నష్టం!

చీకటి పడేలోగా చివరి పది క్రాసుల్లో మూడు లోపల పడ్డాయి.

ఆదివారం పొద్దున్నే ఐదున్నరకి పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో గుంటూరు బస్సు. కనకదుర్గమ్మ వారధి మీద చల్లగాలి. తాడేపల్లి దాటి మంగళగిరి కొండ కనిపించేసరికి మాటలు ఆటలో పైకెక్కే మెట్ల మీదికి మళ్లాయి. మన తెలుగు నేలకి ఫార్వర్డ్‌ల చరిత్ర లేదనుకోవడం పొరపాటు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. 1965-66లో రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌ది. సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన జట్టులో ఉన్నాడు. కానీ ఆ వైభవంలో ఎక్కువ భాగం హైదరాబాద్, సికింద్రాబాద్‌లది. కృష్ణ ఒడ్డుకి పెద్దగా చేరలేదు. నా లెక్కలో ఆ వైభవానికి అసలు కారణం పోలీసు ఉద్యోగం. జీతం ఉంది కాబట్టి పదేళ్లు నిలిచి ఆడారు.

ఇప్పుడు మెట్లు వేరు. స్కూలు స్థాయిలో సుబ్రతో కప్, జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, యూనివర్సిటీ పోటీలు, ఎవరైనా చూస్తే అకాడమీ, ఆ పైన దేశంలోని ప్రొఫెషనల్ లీగ్‌లు, ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్). ఫార్వర్డ్‌కి ఈ మెట్ల మీద ఒక ప్రత్యేకమైన అడ్డం ఉంది. పై క్లబ్బులు విదేశీ ఆటగాళ్లకున్న స్థానాల్లో ముందుగా నింపేది నంబర్ నైన్, అంటే గోల్ ముందు ఆడే ప్రధాన స్ట్రైకర్ స్థానం. దాంతో మన స్ట్రైకర్ వింగ్‌కి పోతాడు, లేదంటే బెంచీ మీద కూర్చుంటాడు. భారత జట్టుకి కెప్టెన్‌గా చేసిన సునీల్ ఛెత్రీ అంతటివాడు కూడా బెంగళూరు క్లబ్బులో చాలాకాలం ఎడమ పక్కన ఆడి, అక్కడి నుంచి లోపలికి కోసుకొచ్చి గోల్స్ కొట్టాడు. "కాబట్టి పిల్లాడికి పద్నాలుగేళ్లప్పుడే రెండో స్థానం నేర్పాలి. ఒక్క నంబర్ నైనే తెలిస్తే వాడి కెరీర్ ఇంకొకడి చేతిలో ఉన్నట్టే" అన్నారు మాస్టారు. కాజ టోల్‌గేట్, నాగార్జున యూనివర్సిటీ, ఆటోనగర్, అంతే, గుంటూరు. ఈ సీజన్‌లో గాలి ఎటు తిరిగినా మిర్చి ఘాటే.

మేం వెళ్లింది ఒక పాత మైదానానికి. అండర్ 17 పిల్లల స్నేహపూర్వక మ్యాచ్, ఏడింటికి. నేల చూడగానే మాస్టారు వంగి వేలు పెట్టి కొలిచారు. నల్లరేగడి; ఎండకి నెర్రెలిచ్చి, వేలు రెండు కణుపుల దాకా దిగింది. ఈ మట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. పైన గ్రావెల్ పోసి రోలర్ తిప్పినా, కింద మట్టి కదిలితే ఏడాదికే మళ్లీ ఎగుడుదిగుడు. ఇట్లాంటి నేల మీద ఫార్వర్డ్‌కి మూడు తిప్పలు.

మొదటిది బంతి. నిబంధన ప్రకారం ఐదో నంబర్ బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు, గాలి ఒత్తిడి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ దాకా ఉండొచ్చు. గట్టి నేల మీద 9, 10 చాలు. ఎక్కువైతే రబ్బరు బంతిలా ఎగిరి ఛాతీకి వస్తుంది. పొద్దున 25 డిగ్రీల దగ్గర 10 పెట్టినా, బంతి ఎండలో 45 డిగ్రీలకి వేడెక్కితే అది 11.5 దాటుతుంది. అందుకని హాఫ్‌టైమ్‌లో మళ్లీ గేజ్ పెట్టి చూడాలి. అక్కడ గేజ్ లేదు. బొటనవేలితో నొక్కి "బానే ఉంది సార్" అన్నారు.

రెండోది బూట్లు. ముగ్గురు పిల్లలు మెత్తటి పచ్చిక మీద వాడే పొడవు స్టడ్‌ల బూట్లు వేసుకొచ్చారు, టీవీలో చూసి కాబోలు. గట్టి నేలలోకి ఆ స్టడ్ దిగదు. బరువంతా నాలుగైదు చుక్కల మీద పడి పాదం కింద నొప్పి, మడమకి పోటు. ఒక్కోసారి జారి మోకాలు తిరుగుతుంది. చిన్న చిన్న రబ్బరు గుబ్బలు చాలా ఉన్న టర్ఫ్ బూటు ఇక్కడ మేలు, ధరా తక్కువే.

మూడోది తొడ వెనక కండరం, హ్యామ్‌స్ట్రింగ్. ఫార్వర్డ్‌ల కెరీర్‌ని ఇది తిన్నంతగా ఇంకేదీ తినదు. పూర్తి వేగంలో కాలు ముందుకి చాచి నేలకి ఆనించబోయే క్షణంలో ఆ కండరం సాగుతూనే బిగుసుకోవాలి. చల్లగా ఉన్నా, అలిసిపోయినా అక్కడే చిరుగుతుంది. మ్యాచ్‌కి ముందు ఈ పిల్లలు చేసిన వార్మప్ మైదానం చుట్టూ రెండు రౌండ్లు, అంతే. ఫిఫా వాళ్ల 11 ప్లస్ అనే వార్మప్ ఇరవై నిమిషాలే. పరుగు, బలం, తూకం, గెంతులు అన్నీ అందులో ఉన్నాయి. దాంట్లోదే నార్డిక్ వ్యాయామం: మోకాళ్ల మీద నిటారుగా నిలబడితే వెనక నుంచి ఒకడు చీలమండలు పట్టుకుంటాడు, నడుము వంచకుండా ఒళ్లంతా నిదానంగా ముందుకి వాలాలి, ఇక ఆపలేననుకున్నప్పుడు చేతులు ఆనించాలి. మొదటి వారం ఒకే రోజు, ఐదేసి చొప్పున రెండుసార్లు. ఆ పైన నెమ్మదిగా పెంచాలి. మానకుండా చేసిన జట్లలో ఈ గాయాలు సగం దాకా తగ్గాయని అధ్యయనాల్లో తేలింది. మానేస్తారెందుకంటే మొదటి రెండు వారాలు తొడలు పట్టేసి మెట్లెక్కలేరు. మ్యాచ్ ముందు రోజు మాత్రం చేయించకూడదు.

పదో నంబర్ చొక్కా కుర్రాడు ఒకడు మమ్మల్ని లేవనీయలేదు. పొట్టివాడు, పెద్ద వేగమేమీ లేదు. కానీ బంతి తన దగ్గరికి వచ్చేలోగా మెడ రెండుసార్లు తిప్పి వెనక చూసుకుంటున్నాడు. ఈ నేల మీద బంతి ఎటు ఎగురుతుందో తెలియదు కనుక ఫస్ట్ టచ్‌ని అరికాలితో ఆపకుండా, ఒళ్లు పక్కకి తిప్పి, తొడ లోపలి వైపుతో కిందికి దించుకుంటున్నాడు. మొదటి సగంలో రెండు షాట్లు, ఒక గోల్. ఆ గోల్ రిబౌండ్. కీపర్ చేతిలోంచి జారిన బంతి. అదృష్టమన్నారు పక్కవాళ్లు. అది అదృష్టం కాదు. తన జట్టువాడు షాట్ కొట్టిన ప్రతిసారీ వాడు నాలుగడుగులు ముందుకి వేశాడు. ఐదోసారికి బంతి జారింది. మాస్టారు లెక్కపెట్టారు.

అరగంటకి రిఫరీ నీళ్లకి ఆపాడు, మంచి పని. యాభై కిలోల పిల్లాడు చెమటలో ఒక కిలో పోగొట్టుకుంటే చాలు, పరుగు మందగిస్తుంది. మ్యాచ్‌కి ముందూ వెనకా బరువు చూసుకుని, తగ్గిన ప్రతి కిలోకీ ఒకటిన్నర లీటర్ల నీళ్లు, ఉప్పు కలిసేట్టుగా, నాలుగైదు గంటల్లో తాగాలి. మజ్జిగలో ఉప్పేసుకున్నా సరే.

మ్యాచ్ అయ్యాక శంకర్ విలాస్ సెంటర్ వైపు టిఫిన్‌కి వెళ్లాం. ఆ కుర్రాడూ, మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే వాళ్ల నాన్నా వెంట వచ్చారు. కుర్రాడు మ్యాచ్‌కి ముందు ఆరున్నరకి కారప్పొడి దోసె తిన్నాడట, రెండో సగంలో కడుపులో మంట ఎందుకు రాదు? ఇడ్లీ అయితే రెండు మూడు గంటల ముందు. ఏడింటి మ్యాచ్‌కి అంత పొద్దున కుదరకపోతే గంట ముందు ఒక అరటిపండు. కారం ఆట తర్వాతే. గుంటూరులో ఈ సలహా ఇవ్వడానికి ధైర్యం కావాలి.

"మాస్టారూ, దీంట్లో ఎన్నేళ్లు ఆడతారండీ?" అని అడిగాడు తండ్రి.

"ఫార్వర్డ్‌కి మంచి వయసు ఇరవై ఐదు నుంచి ఇరవై ఏడండీ. ముప్ఫై దాటాక వేగం తగ్గుద్ది. బలరామ్ గారు ఊపిరితిత్తుల జబ్బుతో ముప్ఫై రాకముందే ఆపేశారు. ఫ్రాన్స్ ఆటగాడు ఫాంటైన్ 1958 వరల్డ్ కప్‌లో పదమూడు గోల్స్ కొట్టి, కాలు విరిగి ఇరవై ఎనిమిదికే మానేశాడు. ఛెత్రీ 2005లో భారత జట్టుకి ఆడటం మొదలెట్టి నలభై ఏళ్లకి కూడా ఐఎస్ఎల్‌లో గోల్స్ కొట్టాడు. వేగం పోయాక ఏం మిగిలిందనేదే లెక్క. మీవాడికి ఆ మెడ తిప్పే అలవాటు ఉంది చూడండీ, అది వయసుతో పోదు."

తర్వాత కాగితాల మాట. మాస్టారు టిష్యూ కాగితం మీదే రాసిచ్చారు. అకాడమీ వాళ్లు ఇచ్చే ఒప్పందాన్ని చదవకుండా సంతకం పెట్టొద్దు. పద్దెనిమిది నిండని ఆటగాడితో ఫిఫా నిబంధనల ప్రకారం మూడేళ్లకి మించి ప్రొఫెషనల్ కాంట్రాక్టు రాయకూడదు. పన్నెండో ఏడు నుంచి ఏ క్లబ్బులో ఎప్పుడు రిజిస్టర్ అయ్యాడో ఆ వివరాలన్నీ దాచుకోవాలి. రేపు పెద్ద క్లబ్బు డబ్బు కట్టి కొంటే చిన్నప్పుడు నేర్పిన క్లబ్బులకి వాటా వెళ్లేది ఆ లెక్క మీదే. సెలెక్షన్‌కి డబ్బడిగేవాడు ఎవడైనా సరే, దణ్ణం పెట్టి వచ్చేయాలి. మ్యాచ్ వీడియో ఫోన్‌లో తీస్తే గోల్స్ ఒక్కటే కత్తిరించి పంపొద్దు, పూర్తిగా ఒక సగం పంపాలి. చూసేవాడికి కావాల్సింది బంతి లేనప్పుడు వాడు ఏం చేస్తున్నాడన్నది.

"వయసు ధ్రువీకరణ ముఖ్యమండీ. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు. కాగితం మీద తేదీకీ దానికీ పొంతన ఉండాల. అబ్బాయి పుట్టిన తేదీ ఎంత?"

తండ్రి ఒక తేదీ చెప్పాడు. కుర్రాడు ఇడ్లీ నమలడం ఆపి, "స్కూల్లో అది కాదు నాన్నా, జూన్ అని రాశారు" అన్నాడు. ఆధార్‌లో ఇంకోటి ఉందని కాసేపటికి తేలింది.

"మూడు తేదీలా!" అని మాస్టారు పెన్ను మూశారు. "షాట్లూ పాసులూ తర్వాత చూసుకుందాం. ముందు మున్సిపాలిటీలో బర్త్ సర్టిఫికెట్ తీయించండీ, దాన్ని పట్టి మిగతా రెండూ మార్పించండీ. రేపు సోమవారమేగా."

తండ్రి ఆ టిష్యూ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. మేం పదకొండు గంటల బస్సుకి బెజవాడ తిరిగొచ్చేశాం.