కృష్ణ ఒడ్డున నీటికుక్కల తగువు

సంక్రాంతి వెళ్లిన వారం, ఇంకా తెల్లారకముందే గుంటూరు నుంచి బయల్దేరాం, నేనూ మా బావమరిదీ. వాడు ఇంగ్లండ్‌లో ఉంటాడు. వారమంతా ఐటీ ఉద్యోగం, శని ఆదివారాలు గాలం. పండక్కి వస్తూ సూట్‌కేసులో మడత గాలపు కర్ర, రీలు, రంగురంగుల బెండ్లు పెట్టుకొచ్చాడు. చాక్లెట్లు పట్టే చోట ఇవేంట్రా అని మా అత్తగారు పండగ మూడు రోజులూ వాణ్ణి సాధిస్తూనే ఉంది.

వెంకటపాలెం అవతల కృష్ణలో వలేసుకునే ఒక పెద్దాయన నాకు పాత పరిచయం. పండగ పలకరింపుకని ఫోన్ చేస్తే, కుశలప్రశ్నలు కూడా పూర్తికాకుండానే "నీటికుక్కలు మళ్లీ దిగినయ్యి బాబూ, వలలు బతకనిచ్చేట్టు లేవు" అన్నాడు. నీటికుక్కలంటే ఇంగ్లీషులో ఆటర్లు, నీళ్లలో చేపలు పట్టుకుని బతికే జంతువులు. పక్కనే కూర్చున్న మావాడి మొహం వెలిగిపోయింది. "బావా, మా దగ్గరా ఇదే గొడవ. పద, చూసొద్దాం" అన్నాడు. బెజవాడ వచ్చి దుర్గమ్మ దర్శనం చేసుకోకుండా నీటికుక్కల దర్శనానికి పోతున్నారా అని మా ఆవిడ అడిగింది. సాయంత్రం గుడికి కూడా వెళ్తామని మాటిచ్చి బయటపడ్డాం. వెళ్లలేదు, అది వేరే సంగతి.

మంగళగిరి దాటి ఉండవల్లి సెంటర్ చేరేసరికి మంచు విడలేదు. నేతిలో తడిసిన కారప్పొడి ఇడ్లీ తిని కరకట్ట ఎక్కాం. కుడిచేతి వైపు కృష్ణ, అవతలి ఒడ్డున ఇంద్రకీలాద్రి మీద దీపాలు. 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. అవి దించి ఉంచితే ఎగువన నది చాలా దూరం కదలకుండా నిలబడుతుంది. చేపలకూ, చేపలు పట్టేవాళ్లకూ, నీటికుక్కలకూ అందరికీ అలాంటి నీళ్లే కావాలి. తగువు అక్కడే మొదలవుతుంది.

పెద్దాయన పడవ దగ్గర మాకోసం ఎదురుచూస్తున్నాడు. ఇవి ఇప్పుడెందుకు ఎక్కువయ్యాయని అడిగితే వరద మీదికి పోనిచ్చాడు. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయింది, బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. "ఆ దెబ్బకి చెరువుల్లో చేపలు నదిలోకొచ్చినయ్యి, నదిలో కుక్కలు కాలవల్లోకి పోయినయ్యి. మళ్లీ ఎవరి చోటికి వాళ్లు చేరాలిగా" అన్నాడు. ఇది ఆయన లెక్క. ఇరవై ముప్పై ఏళ్ల కిందట గుంపులు గుంపులుగా ఉండేవని, మధ్యలో చాలాకాలం కనబడలేదని కూడా ఆయనే చెప్పాడు.

లంక చివర ఇసుక మీద దిగాం. రెండడుగులు వేయగానే ఆయన వంగి, తుమ్మపుల్లతో ఒక నల్లటి ముద్దను విప్పాడు. నీటికుక్కల పెంట. ఇవి గుంపంతా ఒకే చోట పోస్తాయి, అదే వాటి సరిహద్దు రాయి. ఎండు చేపల బుట్ట తెరిచినట్టు గుప్పుమంది. లోపలంతా గోరంత పొలుసులు, దారపు ముక్కల్లా సన్నటి ముళ్లు, ఎర్రటి ఎండ్రకాయ పెంకు. ఒక ముల్లు తీసి అంచున ఉన్న రంపపు పళ్లు వేలితో చూపించాడు. "ఇది జెల్ల ముల్లు. ఈ పొలుసులు తిలాపియావి. బొచ్చె పొలుసయితే రూపాయి బిళ్లంత ఉండాలి. ఒక్కటన్నా ఉందా?" అన్నాడు. లేదు. వల చింపేవాటి మీద అంత మండిపడే మనిషే ఈ సాక్ష్యం కూడా చెప్పడం నాకు నచ్చింది.

తర్వాత వల చూపించాడు. రాత్రి వేసి పొద్దున తీసిన టంగుసు (నైలాన్ దారం) వల. ఒక్కోచోట పిడికిలి పట్టేంత చిల్లు, చిల్లు అంచున చేప తల ఒక్కటే వేలాడుతోంది. మొప్పల వెనక నుంచి శుభ్రంగా కొరికేసి ఉంది. ఇది నీటికుక్క పనేనట. ఎండ్రకాయ అయితే వలని పోగులు పోగులుగా నములుతుందట. దెయ్యం చేప అయితే ముళ్లతో మెలిపడి, విడిపించలేక మనమే వల కోసుకోవాలట. నల్ల మచ్చలతో, ఒళ్లంతా గట్టి పలకలతో ఉండే ఈ దెయ్యం చేప అసలు దక్షిణ అమెరికాది, అక్వేరియంల నుంచి మన నీళ్లలోకి జారిపోయింది. కొనేవాడు లేడు, తినేవాడు లేడు. గ్వాటెమాలాలో ఒక సరస్సు దగ్గర పరిశీలిస్తే అక్కడి నీటికుక్కలు ఈ చేపనే బాగా తింటున్నాయని తేలింది. ఆ మాట చెబితే పెద్దాయన నవ్వాడు. "మనవాటికి కూడా ఎవరన్నా ఆ రుచి నేర్పితే బాగుండు."

నీటికుక్కలు కనిపించింది ఎండ కాస్త పైకొచ్చాక. ముందు కొంగలు చెప్పాయి. తెల్లకొంగలు నాలుగైదు ఒడ్డు వెంట హడావుడిగా నడుస్తున్నాయి. వాటికి ఎదురుగా నీళ్లలో చదునైన తలలు, వరసగా. మధ్యలోవి కొంచెం వెనక, రెండు కొసలవి ముందు. చేపల్ని వలలా చుట్టి లోతు తక్కువ ఉన్నచోటికి తోసుకొస్తున్నాయి. సన్నగా ఈలలాంటి కూత. ఒకటి ఒడ్డుకొచ్చి ముందు కాళ్లతో చేపను నిలబెట్టి పట్టుకుని, తల దగ్గర్నుంచి కరకరా నమిలేసింది. పిల్లలకి ఇంకా ఈత సరిగ్గా రాలేదు, తల్లి వీపు మీదకి ఎక్కబోయి జారుతున్నాయి. మన దగ్గర చలికాలమే వీటి కానుపుల కాలం. మావాడు ఫోన్ తీయడం కూడా మర్చిపోయాడు.

మన కృష్ణలో ఉండేది నున్నటి బొచ్చున్న జాతి. పెద్దది ఏడు నుంచి పదకొండు కిలోలు తూగుతుంది, రోజుకు కిలో దాకా చేప తింటుంది. పిల్లా పెద్దా కలిపి మా ఎదురుగా ఉన్న గుంపు రోజుకి అయిదారు కిలోలు తింటుందనుకుందాం. అదీ ఒక్కచోట కాదు, కొన్ని కిలోమీటర్ల నది మీద. విజయవాడ చేపల మార్కెట్లో ఆదివారం పొద్దున ఒక్క బుట్ట ముందు అయిదు నిమిషాల్లో అంత అమ్ముడుపోతుంది. పైగా అవి ఎక్కువగా పట్టేది నెమ్మదిగా కదిలే చిన్నాచితకా చేపలు. కాబట్టి నదిలో చేపలు తగ్గాయంటే నీటికుక్క పేరు చెప్పడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఇసుక తవ్వి గుడ్లు పెట్టే చోట్లు లేకుండా చేసింది అవి కాదు. సన్నకన్ను వలలతో పిల్లచేపల్ని ఊడ్చిందీ అవి కాదు.

కానీ పెద్దాయన నష్టం నిజం. ఆయన వందరూపాయల చేప గురించి ఏడవడం లేదు. ఆ చేప కోసం చిరిగిన వల గురించి ఏడుస్తున్నాడు. వలలో చిక్కిన చేప నీటికుక్కకి వడ్డించిన విస్తరి, వెంటపడే పని లేదు. అది తిన్నది అరకిలో, పోయింది వేలు పెట్టి కొన్న వలలో సగం, దాంతోపాటు అల్లుకుంటూ కూర్చునే రెండు రోజుల వేట. మన దగ్గర చర్చంతా ఎన్ని చేపలు తింటున్నాయనే దాని మీదే నడుస్తుంది. వల లెక్క ఎవరూ అడగరు. ఏనుగు పంట తొక్కితే పరిహారం అడిగినట్టే, చిరిగిన వలకీ అడగాలని నేనంటాను. చట్టం వాటిని ఎటూ కాపాడుతోంది. వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించాక నీటికుక్క మొదటి షెడ్యూల్‌లో ఉంది, చంపితే కనీసం మూడేళ్ల జైలు. ఆ కాపాడే ఖర్చు వల అల్లుకునేవాడి మీదే పడితే ఎలా?

మధ్యాహ్నం లంక నీడలో మావాడు గాలం వేశాడు. అరచేయంత తిలాపియా పడింది. తడిచేత్తో పట్టుకుని, కొక్కెం తీసి, ముద్దుచేసి నీళ్లలోకి వదలబోయాడు. పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏంది బాబూ, వదిలేస్తన్నావా?"

"మా దగ్గర అంతే బాబాయ్. పట్టి, ఫోటో తీసి, వదిలేస్తాం."

"మరి పట్టడం దేనికి?"

అక్కడి కార్ప్ చెరువుల సంగతి చెప్పాడు మావాడు. ఇరవై కిలోలు దాటిన చేపలుంటాయి, వాటికి పేర్లు కూడా పెట్టుకుంటారు. అదే చేపని ఏళ్ల తరబడి ఎందరో పట్టి వదులుతారు. పట్టడానికి టికెట్టు కొనాలి. ఒక్కో పెద్ద చేప ఖరీదు వేల పౌండ్లు. నీటికుక్క రాత్రి వచ్చి గొంతు దగ్గర నాలుగు ముక్కలు తిని మిగతాది గట్టు మీద వదిలేసి పోతుంది. అందుకే చెరువుల వాళ్లు చుట్టూ కంచెలు కట్టుకుంటున్నారు, గాలం పట్టేవాళ్లు తిట్టుకుంటున్నారు. అక్కడ 1950ల చివరి నుంచి డీల్డ్రిన్ లాంటి విత్తనశుద్ధి మందుల వల్ల నీటికుక్కలు దాదాపు మాయమయ్యాయి. 1977-79లో ఇంగ్లండ్ అంతా వెతికితే నూటికి ఆరు చోట్ల కూడా జాడ దొరకలేదు. మందులు ఆపాక, వేట నిషేధించాక, 2009-10 సర్వేలో నూటికి 59 చోట్ల దొరికింది. మందుల ప్రభావం నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2011లో సుప్రీంకోర్టు ఆపేదాకా మా ఊళ్లో పత్తికి ఎండోసల్ఫాన్ కొట్టేవాళ్లు. ఆ చేల నీళ్లు కాలవలో కలిస్తే చేపలు తేలడం కళ్లారా చూశాను.

"నీటికుక్కల్ని తెచ్చి వదలడమే తప్పు బావా" అన్నాడు మావాడు. కొన్నిటిని 1983 నుంచి వదిలిన మాట నిజమే గానీ, ఎక్కువ భాగం నదులు బాగుపడితే వాటంతట అవే వచ్చాయి. అవి ఇష్టంగా తినే ఈల్ చేపలు అక్కడ ఘోరంగా తగ్గిపోయాయి. ఒక గుంట నిండా కదలలేని బలిసిన చేపల్ని పెట్టి, రాత్రిపూట ఎవరూ రాకూడదంటే కుదురుతుందా అన్నాను. పెద్దాయన పడీపడీ నవ్వాడు. తిలాపియా మాత్రం పులుసులోకి వెళ్లింది.

ఆ జోకు సాయంత్రం చోడవరం వైపు వెళ్లాక వేయలేకపోయాను. బ్యారేజీ దాటి, యనమలకుదురు మీదుగా కరకట్ట పట్టుకుని పోతే అక్కడ మాకు తెలిసినాయన కౌలు చెరువులో కొరమీను పెంచుతున్నాడు. అప్పు తెచ్చి వేసిన పిల్ల. కొరమీనుకి మొప్పలు ఒక్కటే చాలవు, కాసేపటికోసారి పైకొచ్చి గాలి మింగాలి. నీటికుక్కకి అంతకన్నా ఏం కావాలి? రాత్రి నీళ్ల మీద చిన్న బుడగ చాలు. చలికి చేప మందగించి ఉంటుంది, పారిపోలేదు. గట్టు మీద తోకలు, తలలు చూపించాడు. కుక్కని కట్టేస్తే దాన్నే కరిచాయట. విషపు గుళికలు కలిపిన చేపని గట్టున పెట్టమని ఎవరో సలహా ఇచ్చారట. "జైలు మాట అటుంచండి, మా గేదెలు ఆ నీళ్లే తాగుతాయి" అన్నాడు.

నదికి అయిదు కిలోలు లెక్క కాదు. అరెకరం చెరువుకి వారం రోజులు పోతే మనిషి కూలిపోతాడు. రెండింటినీ ఒకే నోటితో మాట్లాడకూడదు.

మావాడు ఇక్కడ పనికొచ్చాడు. ఇంగ్లండ్ కంచెల ఫోటోలు వాట్సాప్‌లో పంపించి, మట్టి మీద పుల్లతో గీసి చూపించాడు. ఇనప జాలీ నాలుగడుగుల ఎత్తు, పైన బయటికి వంచాలి. కింద అడుగు లోతు పాతి, అక్కడ కూడా బయటి వైపుకే మడవాలి, తవ్వబోతే జాలీకే తగులుతుంది. చెరువాయన అడుగులు వేసి చుట్టుకొలత తీశాడు, వన్‌టౌన్‌లో జాలీ చుట్ట ధర ఫోన్‌లో కనుక్కున్నాడు. రెండు పక్కలు ఈ వేసవిలో, మిగతావి చేప అమ్మాక అనుకున్నాడు. అంతా అయ్యాక గట్టుమట్టి చేత్తో నలిపి, "ఇది రేగడి. ఎండాకాలం మోకాలు లోతు నెర్రెలు ఇస్తది. నెర్రెలోంచి దూరితే మీ జాలీ ఏం జేస్తది బాబూ?" అని అడిగాడు. ఇంగ్లండ్‌లో నెర్రెలుండవు. మావాడు చాలాసేపు ఫోన్‌లో వెతికాడు. జాలీ అడుగున ఇసుక పోసి తడుపుతూ ఉంటే సరిపోతుందేమో అని చివరికి చెరువాయనే అన్నాడు.