ట్రాలీ వైరింగ్ మొత్తం పీకేసి కొత్తది వేశా

రెండు నెలలుగా మా ట్రాక్టర్ ట్రాలీ లైట్లు ఒక్కోరోజు ఒక్కోలా వెలుగుతున్నాయి, బ్రేక్ తొక్కితే ఇండికేటర్లు మసకమసగ్గా వెలిగేవి, ఎడమ ఇండికేటర్ వేస్తే టెయిల్ లైట్ కూడా దాంతోపాటే మిణుకుమిణుకు. బల్బులు మార్చా, ఫ్యూజు చూశా, ఏం తేలలేదు. చీకట్లో లోడుతో పోతుంటే మనం ఆగుతున్నామో తిరుగుతున్నామో వెనకొచ్చేవాళ్లకి తెలీకపోతే ఎంత ప్రమాదం చెప్పండి, అందుకే నిన్న కూర్చుని ట్రాలీ వైర్లని ట్రాక్టర్‌కి కలిపే ప్లగ్గు విప్పా.

ఎర్త్ పిన్ను, అంటే లైట్ల కరెంటు తిరిగి వెనక్కి పోయే పిన్ను, దాని చుట్టూ పచ్చగా చిలుము. కొంచెం కోస్తే మంచి రాగి వస్తుందిలే అని అంగుళం కోశా, తీగ నల్లగా ఉంది, ఇంకో రెండంగుళాలు కోసినా అంతే, గోటితో గీకితే పొడిలా రాలింది. పైన తొడుగు మాత్రం కొత్తదానిలాగే ఉంది! నీళ్లు లోపల్లోపలే పాకిపోయాయన్నమాట, ఇంక అతుకులేసి లాభం లేదని ఏడు వైర్ల కేబుల్ మొత్తం మార్చేశా.

ఎర్త్ దెబ్బతింటే కరెంటు వెనక్కి పోడానికి దారిలేక పక్క బల్బుల్లోంచి దూరి పోతుంది, మా లైట్ల గోలంతా అదే. ఎర్త్ హుక్కు నుంచి వస్తుందిలే అని చాలామంది వదిలేస్తారు, దయచేసి వదలొద్దు, అక్కడ గ్రీజు, పెయింటు, తుప్పు, పైగా కుదుపులకి అంటుతూ ఊడుతూ ఉంటుంది. 12 వోల్టుల్లో 21 వాట్ల బల్బు ఒక్కటే 1.75 ఆంపియర్లు లాగుతుంది, రెండు బ్రేక్ లైట్లు, ఒక ఇండికేటర్, టెయిల్ లైట్లు కలిసి వెలిగితే 6 ఆంపియర్లు ఆ ఒక్క ఎర్త్ లోంచే వెనక్కి రావాలి. అందుకే మిగతా వైర్లు 1.5 చదరపు మిల్లీమీటర్ల మందంవి వేసినా ఎర్త్ మాత్రం 2.5 ది వేశా.

రంగులు చూసి కలిపేయకండి. ఏడు పిన్నుల గుండ్రటి ప్లగ్గులో మామూలుగా 1 ఎడమ ఇండికేటర్ పసుపు, 3 ఎర్త్ తెలుపు, 4 కుడి ఇండికేటర్ ఆకుపచ్చ, 6 బ్రేక్ ఎరుపు. కానీ పాతది ఎవరెలా కలిపారో ఏంటో, మాదాంట్లో పసుపూ ఆకుపచ్చా తారుమారు అయ్యున్నాయి, టెస్ట్ ల్యాంపు (వైర్లో కరెంటు వస్తే వెలిగే చిన్న బల్బు) పెట్టి ఒక్కొక్కటీ చూసుకున్నాకే బిగించా.

కేబుల్ కొంచెం వదులుగా ఉంచి స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూశా, ఎక్కడా లాగట్లేదు, నేలకీ తగలట్లేదు. చివర్లో బ్రేక్ తొక్కిపెట్టి వెనక నుంచున్న తమ్ముణ్ణి అడిగితే "రెండూ ఎర్రగా వెలుగుతున్నాయన్నా, ఇండికేటర్లు అసలు వెలగట్లేదు" అన్నాడు.