అడక్కుండానే ఫేమస్ చేసేస్తారా

పొద్దున ఆఫీసుకెళ్తూ మా సందు చివర టిఫిన్ బండి దగ్గర ఆగాను. ఎవరో కుర్రాడు ఫోన్ పట్టుకుని వచ్చి ఒక్క మాట అడక్కుండా అక్క మూతి దగ్గర మైకు పెట్టేసి "రోజుకి ఎంత మిగులుద్ది అక్కా, మీ ఆయన ఏం చేస్తాడు" అని మొదలుపెట్టాడు. ఆవిడ పెనం మీద నీళ్లు చల్లుతూనే వెనక స్టూల్ మీద హోంవర్క్ రాసుకుంటున్న కూతురి వైపు చూసింది, ఆ పిల్ల నోట్‌బుక్ మొహానికి అడ్డం పెట్టేసుకుంది. నాకు ప్రాణం ఉసూరుమంది. బాబూ ముందు ఆమెని అడుగు, వద్దంటే ఆపెయ్ అన్నాను. "ఫ్రీ పబ్లిసిటీ అన్నా, ఆమెకే లాభం" అన్నాడు.

లాభం ఉండొచ్చు, కాదనను. కానీ 2024 జనవరిలో హైదరాబాద్ మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్మే కుమారి ఆంటీ సంగతి గుర్తుందిగా, "రెండు లివర్లు ఎక్స్‌ట్రా" అన్న ముక్క రీల్సన్నిట్లో తిరిగేసరికి జనం ఎగబడ్డారు, ట్రాఫిక్ జామై పోలీసులు అక్కడ పెట్టొద్దన్నారు, చివరికి సీఎం రేవంత్ రెడ్డి కల్పించుకోవాల్సొచ్చింది. ఆవిడకైతే ముఖ్యమంత్రే పలికాడు, మా సందు అక్కకి ఎవరు పలుకుతారు? ఈ కుర్రాడు వ్యూస్ చూసుకుని ఇంకో బండి దగ్గరికి పోతాడు, అప్పులవాళ్లకీ, చుట్టాలకీ, కింద పిచ్చి కామెంట్లు పెట్టేవాళ్లకీ జవాబు చెప్పుకోవాల్సింది ఆమే కదా.

పేరు కావాలనుకోవడం తప్పని నేననను. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ ఆ పెద్ద వయసులో ఇష్టపడి యూట్యూబ్ వీడియోల్లో కెమెరా ముందుకొచ్చింది, 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్లింది, ఆమెని చూస్తే నాకు కడుపు నిండినట్టుంటుంది. తన మొహం, తన ఇష్టం. పక్కోడి మొహం పెట్టి మనం పేరు తెచ్చుకోవడమే నాకు మింగుడు పడట్లేదు.

రాత్రి చెల్లి ఫోన్ చేస్తే ఇదే చెప్పాను, నాలుగేళ్ల కొడుకు ఏడుస్తుంటే రీల్ పెడుతుంది అది. ఫ్రాన్స్‌లో 2020లోనే చట్టం తెచ్చారు, 16 ఏళ్లలోపు పిల్లలు వీడియోల మీద సంపాదిస్తే ఆ డబ్బు పెద్దయ్యేదాకా వాళ్ల పేరు మీద దాచాలి, పిల్లలే తీసేయమంటే తీసేయాలి అని. మన చింటూగాడికి తీసేయమని అడగడం కూడా రాదు కదే అన్నాను. "మా అత్తగారు చూసి మురిసిపోతారన్నయ్యా" అంది. అయితే ఆవిడకి వాట్సాప్‌లో పంపు, ఊరందరికీ దేనికి అన్నాను. ఏడుపువి తీసేస్తానంది, స్నానం చేయించేటప్పుడు తీసినవి మాత్రం ఉంచుతుందట. ఆదివారం వెళ్లి బావతో కూడా మాట్లాడతా, అవే ముందు పోవాలి.