విమానం కడిగే పని

గల్ఫ్‌లో ఒక విమానాల హ్యాంగర్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఇక్కడ విమానం కడిగే పని ఎక్కువగా కొత్తగా వచ్చిన వలస కుర్రాళ్లకే పడుతుంది. అందరూ దాన్ని చిన్న పనిగా చూస్తారు. నాకు మాత్రం ఆ పూటే టెన్షన్ ఎక్కువ.

విమానం ముక్కు దగ్గర పక్కన చిన్న రెక్కలాంటిది బయటికి ఉంటుంది. గాలివాటానికి తిరుగుతూ, విమానం గాలికి ఎంత కోణంలో ఉందో కంప్యూటర్‌కి చెబుతుంది. కోణం హద్దు మీరితే విమానాన్ని మోసే బలం పోతుంది. అందుకే ఎయిర్‌బస్ ఎ320లో పైలట్ ఎంత లాగినా కంప్యూటర్ ఆ హద్దు దాటనివ్వదు. ఇలాంటి రెక్క సెన్సర్లు మూడు. రెండింటితో కలవని మూడోదాన్ని పక్కన పెట్టేస్తుంది.

2008 నవంబర్ 27న ఫ్రాన్స్‌లోని పెర్పిన్యా దగ్గర ఒక ఎ320 సముద్రంలో కూలి ఏడుగురు పోయారు. అంతకు కొద్దిరోజుల ముందు, రంగు వేయడానికని, సెన్సర్లకు తొడుగులు లేకుండానే దాన్ని నీళ్లతో కడిగారు. లోపలికి దిగిన నీళ్లు ఆకాశంలో గడ్డకట్టి రెండు సెన్సర్లు బిగుసుకుపోయాయి. ఆ రెండూ ఒకే మాట చెప్పేసరికి, నిజం చెబుతున్న మూడోదాన్ని కంప్యూటర్ నమ్మలేదు. హద్దు దాటనివ్వని ఆ రక్షణ పనిచేస్తుందో లేదో చూద్దామని పైలట్లు తక్కువ ఎత్తులోనే వేగం తగ్గించారు. కంప్యూటర్ అడ్డుపడలేదు.

బోయింగ్ 737 మ్యాక్స్‌లో ముక్కును దానంతటదే కిందికి దించే ఎంక్యాస్ అనే కంప్యూటర్ వ్యవస్థ అయితే ఇలాంటి ఒక్క సెన్సర్ మాటే వినేది. ఆ సెన్సర్ తప్పు చెప్పడంతో 2018, 2019ల్లో రెండు ప్రమాదాలు, 346 మంది పోయారు.

తొడుగు వేసి మరిచిపోయినా అంతే. 1996లో పెరూలో ఒక 757ని శుభ్రం చేస్తూ గాలి ఒత్తిడి కొలిచే రంధ్రాలకు టేప్ అంటించి, తీయలేదు. ఎత్తు, వేగం రెండూ తప్పుగా కనిపించాయి. వేగం ఎక్కువైందని ఒక హెచ్చరిక, వేగం చాలక మోసే బలం పోతోందని ఇంకొకటి, రెండూ ఒకేసారి మోగాయి. 70 మంది చనిపోయారు.

ఇవన్నీ తెలియకుండా ఒక కుర్రాడి చేతికి పైపు ఎలా ఇస్తాం? జాబ్ కార్డు ఇంగ్లీషులో ఉంటుంది, చాలామందికి అందదు. మనవాళ్లకు తెలుగులో, మిగతావాళ్లకు నాకొచ్చిన హిందీలో, నిచ్చెన ఎక్కించి ఒక్కో సెన్సర్ చూపించి చెబుతాను. వేసిన తొడుగులు, తీసిన తొడుగులు లెక్క సరిపోయాకే సంతకం పెడతాను. ఈ చెప్పే టైమ్‌ని షిఫ్ట్‌లో కలపమని సూపర్‌వైజర్‌ని అడుగుతూనే ఉన్నాను. ఇంకా ఒప్పుకోలేదు.