రెండు పాత స్క్రీన్లు కలిపితే పేటెంట్ పోతుందా?

బెంగళూరు కంపెనీ ఫోన్ ఇంటర్‌ఫేస్‌కి పేటెంట్ వేసినా ఫైలు చెన్నై గిండీ ఆఫీసుకే వెళ్తుంది. అక్కడి పరిశీలకుడు ఇచ్చే పరీక్షా నివేదికలో సాధారణంగా రెండు అభ్యంతరాలు వస్తాయి. పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె): ఇది ఉత్త ప్రోగ్రామే. సెక్షన్ 2(1)(జెఎ): ఆ పని తెలిసినవాడికి ఇది ఇట్టే తడుతుంది. జవాబుకి గడువు 6 నెలలు.

అసలు పేచీ రెండోదానితోనే. ఆపిల్, శాంసంగ్‌ల మధ్య అమెరికాలో నడిచిన స్లైడ్-టు-అన్‌లాక్ కేసు చూడండి. పాత నియోనోడ్ ఫోన్‌లో వేలు పక్కకి జరిపితే లాక్ తెరుచుకునేది, కానీ వేలితోపాటు కదిలే బొమ్మ లేదు. ప్లేజాంట్ అనే పరిశోధకురాలి 1992 నాటి పేపర్లో జరిపే స్విచ్ ఉంది, కానీ అది గోడకి బిగించే టచ్‌స్క్రీన్ మీద. పైగా జనానికి జరపడం కంటే నొక్కడమే నచ్చిందని ఆ పేపరే చెప్పింది! రెండూ కలిపితే ఇదేగా అని 2016 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టులో ముగ్గురు జడ్జీలు ఆపిల్ పేటెంట్ కొట్టేశారు. అక్టోబరులో ఫుల్ బెంచ్ ఆ తీర్పుని తిరగేసి, పేటెంట్ చెల్లుతుందన్న జ్యూరీ మాటే నిలబెట్టింది.

కాబట్టి జవాబులో 'వాడేవాళ్ళకి సుఖం' అని రాస్తే చాలదు, మన దగ్గర అది మరీ తేలిపోతుంది. క్లెయిమ్‌లో (ఇది మాది అని హక్కు కోరే వాక్యంలో) ఏ ముక్క ఏ పాత పత్రంలో లేదో, ఆ రెంటినీ కలపాలని ఎవరికైనా ఎందుకు తోచదో విడివిడిగా చూపాలి. డేటా ఎన్నిసార్లు చదవాల్సి వస్తోంది, బ్యాటరీ ఎంత మిగులుతోంది లాంటి కొలతలు మొదట వేసిన స్పెసిఫికేషన్‌లోనే (ఆవిష్కరణ వివరాల పత్రంలోనే) ఉండాలి. తర్వాత కొత్త సంగతులు చేర్చడానికి సెక్షన్ 59 ఒప్పుకోదు.